అరవై మూడు సైటేషన్ల అనుమానం

"కిరీటి గారి గది ఎక్కడండీ?"

లిఫ్టు ముందు నిలబడి, తడిసిన చున్నీ కొసలు పిండుకుంటూ ఆ అమ్మాయి అడిగింది. తెలుగులో అడిగింది. దక్షిణ ఢిల్లీలోని మా ఇన్‌స్టిట్యూట్‌లో, జులై వానలో, ముక్కూ మొహం తెలియని అమ్మాయి నన్ను చూడగానే తెలుగులో ఎందుకు మాట్లాడిందని నేను అప్పుడే అనుమానించాల్సింది. ఆ బుద్ధి నాకు నిమిషం ఆలస్యంగా వచ్చింది.

"మూడో ఫ్లోర్. ఏం పని మేడం?"

"చిన్న పనేనండి. మనిషి ఎలాంటివారు?"

అడిగింది కదా అని చెప్పాను. "మస్తు మంచోడు. చనిపోయిన నక్షత్రాలు ఎంత మెల్లగ చల్లారతయో లెక్కలు కడతడు. ఆ పని చేసేటోళ్లు మన దేశంల చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెలివైనోడు. అయినా ఇంత కూడా గర్వం ఉండదు."

ఆమె సంచిలోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంది.

"ఏం రాసిన్రు?"

"సెల్ఫ్ సైటేషన్, ఒకటి." తలెత్తకుండానే అంది. "తన పనిని తనే మెచ్చుకుంటే మేం అలాగే రాసుకుంటామండి. మీ ఫొటో వెబ్‌సైట్‌లో ఉంది కిరీటి గారూ. అందులో గడ్డం లేదు, ఇంకాస్త అమాయకంగా ఉన్నారు."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. అందులో మూడు అంతస్తులు నేను ఫ్యాను వైపు చూస్తూ ప్రయాణం చేశాను.

ఆమె పేరు ప్రవల్లిక. ఊరు తణుకు. నోయిడాలో ఒక కంపెనీలో ఉద్యోగం. శాస్త్రవేత్తల పేపర్లలో మోసం ఉందేమో తనిఖీ చేయడం ఆ కంపెనీ పని. మా డైరెక్టరే వాళ్లను పిలిపించారని, ఆ తనిఖీ నా మీదేనని నా కుర్చీలో నేను కూర్చునేలోపే చెప్పేసింది.

"నా మీద కంప్లయింట్ ఎవరిచ్చిన్రు?"

"ఎవరూ ఇవ్వలేదండి. సాఫ్ట్‌వేర్ పట్టుకుంది. ఇదిగో."

లాప్‌టాప్ నా వైపు తిప్పింది. తెర మీద ఒక గీత. నాలుగేళ్లు నేల మీద పాకి, ఏడాదిన్నర క్రితం ఉన్నట్టుండి నిటారుగా లేచింది. అది నేను రాసిన ఒక పేపరుకు వచ్చిన సైటేషన్ల లెక్క. ప్రపంచంలో ఎక్కడైనా ఎవరైనా తమ పేపరులో మన పేపరును ప్రస్తావిస్తే మనకొక సైటేషన్. మొదటి నాలుగేళ్లలో దానికి వచ్చినవి పదకొండు. తర్వాత ఏడాదిన్నరలో అరవై మూడు.

"చిలీ, పోలండ్, చైనా, బ్రెజిల్..." ఆమె వేలితో చూపించింది. "ఒకరికొకరు తెలియనివాళ్లు. అందరికీ ఒక్కసారే మీ మీద ప్రేమ పుట్టింది. ఎందుకంటారు?"

"పేపరు మంచిగుంది."

"నాలుగేళ్లు మంచిగా లేదా మరి?"

నాకు కోపం వచ్చింది. ఆ గీత లేచినప్పుడల్లా, వాళ్లంతా నా పేపరు చదువుతున్నారనే ఆనందంలో లక్ష్మీనగర్ సందులోంచి జిలేబీ కొని స్టూడెంట్లకు పంచిన వాణ్ని నేను. అలాంటి ఆనందాన్ని ఈ తణుకు పిల్ల దొంగసొత్తులా బల్ల మీద పెట్టి చూపిస్తోంది.

నా కాంట్రాక్టు ఆగస్టు ముప్పై ఒకటితో అయిపోతుంది. ఇరవై ఒకటిన కమిటీ కూర్చుని నన్ను పర్మనెంట్ చేయాలో, ఇంటికి పంపాలో తేలుస్తుంది. హెచ్-ఇండెక్స్ పన్నెండు ఉండాలని మా దగ్గర ఒక గీత గీశారు. అంటే కనీసం పన్నెండు సైటేషన్లు ఉన్న పేపర్లు పన్నెండు ఉండాలి. నాకు సరిగ్గా పన్నెండున్నాయి. ఈ పేపరులోంచి ఆ అరవై మూడూ తీసేస్తే మిగిలేది పదకొండు. ఒక్కటంటే ఒక్క సైటేషన్ తక్కువై నేను గీత కిందికి జారతాను.

ఈ లెక్క ఆమె నాకంటే ముందే వేసుకుంది. ఆ సంగతి మొహంలో కనిపిస్తూనే ఉంది.

"టీ తాగుతరా?" అన్నాను.

"వద్దండి. తనిఖీ అయ్యేదాకా మీ దగ్గర మంచినీళ్లు కూడా తాగకూడదు." ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టుకుంది.

ఆ రోజు నుంచి మంగళవారం, శుక్రవారం ఆమె నా గదిలో తిష్ఠ వేసింది. కిటికీ పక్క బల్ల, ఫ్లాస్కు, నోట్‌బుక్. నేను ఫోనెత్తితే తలెత్తేది. ఫోను పెట్టేస్తే రాసుకునేది.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. ఢిల్లీలో ఆటోవాడు అడగకుండా మీటరు వేస్తే, ఎందుకు వేశాడా అని ఇల్లు చేరేదాకా ఆలోచిస్తాను. సాఫ్ట్‌వేర్ పట్టుకుందంటే నమ్ముతానా? ఎదురుగది రవికిరణ్ మీదికి పోయింది నా దృష్టి. అతనికీ ఈ ఏడాదే కమిటీ. పైగా ఒక శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో అతనూ ఆమే ఎదురెదురుగా కూర్చుని నవ్వుకుంటూ కనిపించారు. నేను రాజ్మా చావల్ ప్లేటు పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాను. రాజ్మా చల్లారిపోయింది.

ఆమె తిరిగి గదిలోకి రాగానే అడిగాను. "రవికిరణ్‌తోని ఏం నవ్వుతున్నరు?"

"మీ గురించేనండి."

"నా గురించి నవ్వేటందుకు ఏముంది?"

"స్తంభం వెనకాల దాక్కోవడం మీకు రాదని ఆయనే చూపించారు."

నేను కంప్యూటర్‌లోకి తల దూర్చాను.

"మీ మీద కంప్లయింట్ ఆయనిచ్చారని అనుకుంటున్నారు కదా? నేను మీ గురించి అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే. 'తనలో తనే మాట్లాడుకుంటాడు, విద్యార్థులను జిలేబీతో చెడగొడతాడు, అబద్ధం మాత్రం ఆడడు' అని."

"మీరు నమ్మిన్రా?"

"స్నేహితుడి సాక్ష్యం. సగం మార్కులే వేశాను."

ఆ సాయంత్రం వాన కుండపోతగా పడింది. మెట్రో స్టేషన్ దాకా రోడ్డంతా నీళ్లు. గేటు దగ్గర ఆమె తలమీద ఫైలు పెట్టుకుని నిలబడి ఉంది. నేను గొడుగు చాపాను.

"ఇది లంచం కిందికి వస్తుందా మేడం?"

ఆమె చాలా సీరియస్‌గా ఆలోచించింది. "సగం గొడుగైతే రాదనుకుంటానండి. పూర్తిగా నా మీదే పడితే వస్తుంది."

అందుకని సగం సగం పంచుకున్నాం. ఆమె కుడి భుజం తడిసింది, నా ఎడమ భుజం తడిసింది. గుంట వచ్చిన చోట నా చెయ్యి పట్టుకుంది, దాటగానే వదిలేసింది, నోట్‌బుక్ మాత్రం తీయలేదు. ఈమె నన్ను మెత్తబరిచి నిజం కక్కించాలని చూస్తోందేమోనని నాకు అనుమానం. నేను ఆమెను మెత్తబరిచి రిపోర్టు మార్పించాలని చూస్తున్నానేమోనని ఆమెకు అనుమానం. అయినా ఇద్దరం కావాలనే మెల్లగా నడిచాం. స్టేషన్ మెట్లు రాగానే నాకు దిగులేసింది. ఆ దిగులు చూసి నాకు భయం కూడా వేసింది.

ఆగస్టు ఒకటో తేదీ శుక్రవారం. ఆమె వస్తూనే తలుపు మూసింది. కూర్చోలేదు.

"ఒకటి దొరికిందండి. ఈ అరవై మూడు పేపర్లకూ రెండేసి ప్రతులున్నాయి. జర్నల్‌కు పంపేటప్పుడు అందరూ చూడటానికి ఆన్‌లైన్‌లో పెట్టింది ఒకటి. సవరించాక పెట్టింది ఇంకొకటి. మొదటి ప్రతుల్లో మీ పేపరు ప్రస్తావన ఒక్కదాంట్లోనూ లేదు. రెండో ప్రతుల్లో అన్నింట్లోనూ ఉంది."

మా రంగంలో ఉన్న ఎవరికైనా అది వెంటనే అర్థమవుతుంది. పేపరు అచ్చుకు ముందు జర్నల్ వాళ్లు దాన్ని ఒక నిపుణుడికి పంపుతారు. ఆ సమీక్షకుడి పేరు రచయితలకు తెలియనివ్వరు. ఇది సవరించండి, అది చేర్చండి అని ఆయన అంటే రచయితలు నోరు మూసుకుని చేర్చాల్సిందే.

"అంటే సమీక్షకుడు ఎవరో 'కిరీటి పేపరును ప్రస్తావించండి' అని అందరికీ రాస్తున్నాడు." ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. "ఆ సమీక్షకుడు మీరేనా?"

"ఏంది?"

"అడగాలి కాబట్టి అడుగుతున్నానండి. మీరేనా?"

"నేను సమీక్ష చేసినయి మొత్తం తొమ్మిది పేపర్లు. లిస్టు మీ దగ్గరనే ఉంది. అందుల ఒక్కటి గూడ ఈ అరవై మూడుల లేదు."

"వేరే మెయిల్ ఐడీతో చేసి ఉండొచ్చు కదా?"

నెల రోజులుగా నా గదిలో కూర్చుంది. నా బల్ల చూసింది, నా మెయిల్స్ చూసింది, నా గొడుగు కింద నడిచింది. ఆ తర్వాత కూడా నన్ను ఆ మాట అడిగింది. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

"చేసుండొచ్చు మేడం. చంద్రుని మీద గూడ నేనే మచ్చలు పెట్టుండొచ్చు. అది గూడ రాసుకోండ్రి."

ఆమె పెన్ను మూత పెట్టి వెళ్లిపోయింది. మంగళవారం వచ్చి ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా పని చేసుకుంది. నేనూ పలకరించలేదు. కిటికీ అద్దం మీద వాన ఒక్కటే చప్పుడు చేసింది.

శుక్రవారం మాత్రం నేరుగా నా బల్ల దగ్గరికొచ్చింది. "చిలీలో ఒక రచయిత్రికి రాశాను. సమీక్షకుడు తనకు పంపిన వ్యాఖ్యలు ఆవిడ పంపించారు. పేరుండదు. ఈ రాత ఎవరిదో గుర్తుపట్టగలరా?"

చదివాను. మొదట మూడు వాక్యాలు, పేపరులో ఉన్న మంచి గురించి. తర్వాత నా పేపరు చూడమని సలహా. చివర్లో ఇలా ఉంది: 'రచయితలు ఒక్క నక్షత్రాన్ని తీసుకుని, కంప్యూటర్ ముట్టుకోకుండా, ఒకే కాగితం మీద చేత్తో లెక్క కట్టి, ఆ కాగితం ఫొటో పంపవలెను.'

ఈ రోజుల్లో ఇలా అడిగే మనిషి నాకు తెలిసి భూమ్మీద ఒక్కరే. ఆరేళ్లు నా చేత ఆ కాగితాలు రాయించారు. నా రీసెర్చ్ గైడ్, ప్రొఫెసర్ సదాశివరావు గారు. మూడేళ్ల క్రితం రిటైరై ఘాజియాబాద్‌లో ఉంటున్నారు.

"తెల్వదు మేడం," అన్నాను.

నా జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో అంత చెత్తగా ఆడింది ఇంకోటి లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కాగితం తిరిగిచ్చి ఊరికే జేబులు వెతుక్కున్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "అచ్ఛా," అంది. ఆ ఒక్క మాటే అంది.

ఆదివారం పొద్దున బ్లూలైన్ మెట్రో పట్టుకుని ఘాజియాబాద్‌లోని వైశాలి స్టేషన్‌లో దిగాను. అక్కణ్నుంచి ఇ-రిక్షా. నాలుగో అంతస్తు ఫ్లాట్. బెల్లు కొట్టగానే గురువుగారి భార్య ఛాయాదేవి గారు తలుపు తీశారు.

"రారా కిరీటీ. పెసరట్టు పిండి రుబ్బాను, నువ్వొస్తావని తెలిసినట్టే. ఏంట్రా ఆ మొహం?"

నేను చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టానో లేదో మళ్లీ బెల్లు మోగింది. తలుపు దగ్గర ప్రవల్లిక, ఆయాసపడుతూ.

"లేడీస్ కోచ్‌లో వచ్చానండి," అంది నాతో, తప్పు చేసినట్టు కాకుండా లెక్క చెప్తున్నట్టు. "ఎవరి దగ్గరికి వెళ్తారో చూద్దామని మీ వెనకాలే వచ్చాను. దాచడం ఎందుకు?"

ఛాయాదేవి గారు ఆమెను కిందికీ పైకీ చూశారు. "వీడి వెనకాల వచ్చావా అమ్మా? ఎవరైనా ఒక అమ్మాయి వీడి వెనకాల వస్తే బాగుండునని పదేళ్లుగా అనుకుంటున్నాను. రా లోపలికి."

"అది కాదండీ, నేను ఎంక్వయిరీ మీద..."

"ఏదో ఒకటి. ముందు కాళ్లు కడుక్కో."

సదాశివరావు గారు హాల్లో ఉన్నారు. ఒళ్లో అట్ట, అట్ట మీద తెల్ల కాగితం, చేతిలో పెన్సిలు. నన్ను చూసి నవ్వారు. నా వెనకాల ఆమెను, ఆమె చేతిలో ఉన్న వ్యాఖ్యల కాగితాన్ని చూసి నవ్వు ఆపేశారు.

"ఎన్ని పట్టుకున్నావమ్మా?"

"అరవై మూడండి."

"అన్నీ నావే."

నేను కుర్చీలో కూలబడ్డాను. "ఎందుకు సార్?"

ఆయన పెన్సిలు పక్కన పెట్టారు. తర్వాత ప్రవల్లికతో చెప్పారు, నాతో చెప్పలేక. "వీడు నా దగ్గర చేరిన మూడో ఏడు ఒక పేపరు వేశాం. ఆలోచన వీడిది. లెక్క వీడిది. మొదటి పేరు నాది పెట్టుకున్నాను. అప్పుడు నాకు ఒక పదవి రావాల్సి ఉంది. ఆ పేపరుకు ఇప్పుడు తొమ్మిది వందల సైటేషన్లు. జనం దాన్ని సదాశివరావు పేపరు అంటారు. వీడు ఒక్కరోజు కూడా అడగలేదు. రిటైరయ్యాక నిద్ర పట్టేది కాదమ్మా. సమీక్షకు వచ్చిన ప్రతి పేపరులో వీడి పేరు రాయించడం తప్ప నా చేతిలో ఏముంది అనుకున్నాను."

"మీరు చేసిన మేలుకు ఆయన ఉద్యోగం పోతోందండి," ప్రవల్లిక మెల్లగా అంది.

పెద్దాయన మొహం పాలిపోయింది. ఆయనకు ఆ సంగతి తెలియదు.

నాకు ఆయన మీద జాలి రావాలి. రాలేదు, కోపం వచ్చింది. పదేళ్లుగా ఎక్కడ దాచానో తెలియని కోపం.

"నాకు న్యాయం చెయ్యాలనుకుంటే ఆ జర్నల్‌కు ఒక్క ఉత్తరం రాస్తే అయిపోతుండె సార్. ఆ పని కిరీటిది అని. మీ సంతకం పెట్టి. చాటున ఉండి ముక్కూ మొహం తెల్వనోళ్లతోని నా పేరు రాయించుడేంది? నేను జిలేబీలు పంచిన సార్. వాళ్లంత నా పేపరు చదువుతున్నరనుకొని పంచిన."

ప్రవల్లిక నా వైపు చూడలేదు, గోడ వైపు చూసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

వంటింట్లోంచి ఛాయాదేవి గారు ప్లేట్లతో వచ్చి, ఆయన ఒళ్లోని అట్ట మీద తెల్ల కాగితం సర్ది పెట్టారు. "రాయండి. రెండు ఉత్తరాలు. ఒకటి జర్నల్‌కు, ఒకటి కమిటీకి. రాశాక నాకు చదివి వినిపించండి. అందాకా మీకు అట్టు లేదు."

ఆయన రాశారు. ఒక్క ముక్క కొట్టేయలేదు.

మధ్యాహ్నం వైశాలి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చున్నాం. మెట్రో వచ్చింది, వెళ్లింది. ఇద్దరం లేవలేదు.

"మీ తప్పేమీ లేదని రిపోర్టు రాసేశానండి, మనసులో. అరవై మూడు తీసేస్తాను. మీకు పదకొండే మిగుల్తుంది. అయినా మీ మీద మచ్చ లేదు కాబట్టి కమిటీ కాస్త సర్దుకుపోవచ్చు."

"మరి మొహం ఎందుకట్ల పెట్టిన్రు?"

"చివరి పేజీ ఉందండి. తనిఖీ చేసిన వ్యక్తికి రచయిత మీద వ్యక్తిగతమైన అభిమానం గానీ సంబంధం గానీ ఉందా? ఉంటే ఎప్పటి నుంచి? అని అడుగుతారు. సంతకం పెట్టాలి."

"లేదని పెట్టున్రి."

ఆమె పట్టాల వైపు చూస్తూ కూర్చుంది. చెవుల దాకా ఎర్రబడింది.

నక్షత్రాల లెక్కలు కట్టే నాకు ఈ చిన్న లెక్క అర్థం కావడానికి ఇంకో మెట్రో వచ్చి వెళ్లాల్సి వచ్చింది.

"నిజంగనా?" అన్నాను. "లేక ఇది గూడ ఎంక్వయిరీల భాగమా?"

"చంపేస్తానండి మిమ్మల్ని!" కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. వెంటనే నవ్వు పోయింది. "ఉందని రాస్తే నా రిపోర్టు చెల్లదు. కేసు వేరేవాళ్లకు వెళ్తుంది, మళ్లీ మొదటి నుంచి. ఇరవై ఒకటిలోపు అవదు. మీ కాంట్రాక్టు అయిపోతుంది. లేదని రాస్తే మీ ఉద్యోగం నిలబడే ఛాన్స్ ఉంది. ఏం రాయమంటారు? మీరే చెప్పండి."

లేదని రాయమని చెప్పడానికి నోరు తెరిచాను, ఒట్టు. అయిదేళ్ల కష్టం. ఇంకో చోట ఇలాంటి ఉద్యోగం ఎప్పటికి వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. కానీ గంట క్రితమే ఒక ముసలాయనను నిజం రాసి సంతకం పెట్టమని గొంతు చించుకున్నాను. ఆయన పెట్టారు. ఇప్పుడు ఈ పిల్లను అబద్ధం మీద సంతకం పెట్టమంటే రేపటి నుంచి ఆమె నన్నెలా చూస్తుంది? పైగా, ఉందో లేదో నాకూ తెలుసు కదా.

"ఉన్నదని రాయున్రి. నా తరఫున అడిగితే నేను గూడ అదే రాస్త."

"ఉద్యోగం?"

"చూద్దాం. లక్ష్మీనగర్ల ఫిజిక్స్ కోచింగ్ సెంటర్లు గల్లీకి నాలుగున్నయి."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఈసారి గుంటేమీ లేదు. వదల్లేదు కూడా.

ఆగస్టు ముప్పై ఒకటిన నా గది ఖాళీ చేశాను. సెప్టెంబరు నుంచి లక్ష్మీనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో రెండు వందల మంది పిల్లలకు మైకు పట్టుకుని ఫిజిక్స్ చెప్పాను. మా డైరెక్టర్ నవంబరు కమిటీ దాకా నా ఫైలు మూయకుండా ఉంచారు. అంతకు మించి ఏమీ మాటివ్వలేదు.

నా కేసు పార్థసారథి గారికి వెళ్లింది. ఆయన ప్రవల్లికకు సీనియర్. అనుమానంలో మమ్మల్నిద్దరినీ కలిపినా ఆయనకు సరిపోం. గురువుగారి ఉత్తరం నమ్మలేదు, నన్ను నమ్మలేదు, ప్రవల్లికను అసలే నమ్మలేదు. కేసు తేలేదాకా ఆ సంగతులు మేమిద్దరం మాట్లాడుకోకూడదని రాతపూర్వకంగా చెప్పారు. ఇద్దరం ఎప్పుడు కలిసినా వాన గురించి, వాన తగ్గాక పొగ గురించి మాట్లాడుకున్నాం. మా ఇద్దరి చేతా విడివిడిగా ఆ 'ఎప్పటి నుంచి' ఫారాలు రాయించి సీలు వేసి పట్టుకెళ్లారు.

నవంబరులో కమిటీ ముందు కూర్చున్నాను. అయిదుగురు. మధ్యలో ఛైర్మన్, పార్థసారథి గారి రిపోర్టు తిప్పుతూ.

"ఈ ఆడిటర్ అరవై మూడు పేపర్ల రచయితలకూ ఉత్తరాలు రాశారు," అన్నారాయన ఇంగ్లీషులో. "మీ మీద ఒత్తిడి లేకపోతే ఆ ప్రస్తావన ఉంచుతారా, తీసేస్తారా అని. ఇరవై రెండు మంది తీసేస్తామన్నారు. ఇరవై రెండు మంది జవాబివ్వలేదు, వాటినీ ఆయన కొట్టేశారు. పందొమ్మిది మంది మాత్రం, బలవంతం మీద చదివాం గానీ పనికొచ్చింది, ఉంచుతాం అన్నారు. పదకొండూ పందొమ్మిదీ ముప్పై. మీ హెచ్-ఇండెక్స్ పన్నెండు దగ్గరే ఉంది."

ప్రవల్లిక ఆ రోజు 'లేదు' అని సంతకం పెట్టి ఉంటే ఈ పందొమ్మిది మందినీ ఎవరూ అడిగేవారు కాదు. అరవై మూడూ గంపగుత్తగా పోయేవి.

"ఒకటే సందేహం." ఛైర్మన్ కళ్లజోడు సర్దుకున్నారు. "మీ పరిచయం సంగతి. మీరు ఆగస్టు పది అని రాశారు. ఆ అమ్మాయి జులై ఇరవై అయిదు అని రాసింది. తేదీలు ఎందుకు కలవలేదు?"

"జులై ఇరవై అయిదా?" నేను కుర్చీలోంచి సగం లేచాను. "నాకు ఇప్పుడే తెలుస్తోంది సార్."

అయిదుగురూ నా మొహం చూసి పగలబడి నవ్వారు. అంత నవ్వాక కూడా నన్ను బయట గంటసేపు కూర్చోబెట్టారు. తర్వాత డైరెక్టర్ వచ్చి నా భుజం తట్టి, మీ పాత గది తాళంచెవి ఆఫీసులో తీసుకోండి అన్నారు.

ప్రవల్లిక కిందనే, వరండాలో నిలబడి ఉంది. నా మొహం చూడగానే సంగతి తెలిసిపోయింది ఆమెకు. రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అది పక్కన పెట్టున్రి. జులై ఇరవై అయిదున ఏమైంది?" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"కమిటీ మొత్తానికి తెలుసు. నాకొక్కనికే తెల్వదు."

ఆమె చున్నీ కొస తిప్పింది. "ఆ రోజు మీరు ధౌలా కువాన్ కాలేజీలో లెక్చర్‌కు వెళ్లారండి. గదిలో నేనొక్కదాన్నే మీ పాత మెయిల్స్ చూస్తున్నాను. మీరు జర్నల్‌కు రాసిన ఉత్తరం ఒకటి కనిపించింది. మీ ఇంకో పాత పేపరులో ఒక పట్టిక తప్పని, దిద్దుకుంటానని. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. ఎవరూ అడగలేదు. అడక్కుండానే మీరే చెప్పుకున్నారు. ఆ తర్వాత ఆ పేపరును జనం వాడటం మానేశారు. అలాంటి మనిషి మోసం చేయడని నాకు ఆ రోజే తెలిసిపోయింది. చాలాసేపు మీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నాను."

"మరి ఆగస్టు ఒకటిన నన్ను దొంగ ఐడీలు పెట్టినవా అని అడిగితిరి గదా! నేనెంత ఏడ్చిన్నో ఎరుకేనా?"

"నేను రెండు స్టేషన్లు దాటేసి మరీ ఏడ్చానండి. అడగడం ఉద్యోగం. ఏం చెయ్యను?"

"ఇప్పుడు గూడ ఉద్యోగం మీదనే వచ్చిన్రా? నోట్‌బుక్ ఉన్నదా సంచిల?"

ఆమె ఖాళీ చేతులు రెండూ చాపి చూపించింది.

"ఇవాళ సెలవు పెట్టి వచ్చానండి," అంది.